ఆస్పిన్‌వాల్ హౌస్

ఆస్పిన్‌వాల్ హౌస్, కేరళ రాష్ట్రం ఎర్ణాకుళం జిల్లాలోని ఫోర్ట్ కొచ్చిలో, కాల్వత్తి రోడ్డు పక్కన నీటి ఒడ్డున ఉన్న ఒక పాత వర్తక భవన సముదాయం. 1867లో జాన్ హెచ్. ఆస్పిన్‌వాల్ అనే ఆంగ్లేయ వర్తకుడు స్థాపించిన ఆస్పిన్‌వాల్ అండ్ కంపెనీకి ఇది వ్యాపార స్థావరంగా ఉండేది. మిరియాలు, కొబ్బరి నూనె, శొంఠి, కొబ్బరి పీచు మొదలైన సరుకులు ఇక్కడి గిడ్డంగుల నుండి విదేశాలకు ఎగుమతి అయ్యేవి. రేవు వ్యాపారం ఇక్కడినుండి తరలిపోయిన తరువాత ఆవరణ చాలాకాలం నిరుపయోగంగా ఉంది. 2012 నుండి కొచ్చి-ముజిరిస్ బినాలే అనే అంతర్జాతీయ కళాప్రదర్శనకు ప్రధాన వేదికగా ప్రసిద్ధికెక్కింది.

దీనిని 'హౌస్' అంటున్నప్పటికీ ఇది ఒకే ఇల్లు గాని, ఒకే మేడ గాని కాదు. కార్యాలయ భవనాలు, నివాసానికి ఒక బంగళా, పెద్ద పెద్ద గిడ్డంగులు, చిన్న చిన్న కొట్లు కలిసిన ఒక ఆవరణ. ఆంగ్లేయుల కాలంలో వర్తక సంస్థను 'హౌస్' అని వ్యవహరించడం పరిపాటి.

ఫోర్ట్ కొచ్చి, రేవు పుట్టుక

పెరియార్ నదికి 1341లో వచ్చిన పెద్ద వరద వలన ప్రాచీన రేవైన ముజిరిస్ ప్రాంతం పూడిపోయి, కొచ్చి వద్ద సముద్రానికి కొత్త ముఖద్వారం తెరచుకొన్నదని చరిత్రకారులు సాధారణంగా చెబుతారు. వేంబనాడు కాయలులోని నీరు ఈ ఇరుకైన ద్వారం గుండా అరేబియా సముద్రంలో కలుస్తుంది. కాయలు అంటే సముద్రానికి సమాంతరంగా పరచుకొన్న ఉప్పునీటి సరస్సు. మిరియాలు పండే కొండ ప్రాంతాల నుండి సరుకు పడవల మీద కాలువల గుండా, కాయలు గుండా నేరుగా రేవుకు చేరేది. కొచ్చికి ఈ జలమార్గమే సహజ సంపద.

1500లో పోర్చుగీసు నావికుడు కబ్రాల్ ఇక్కడకు వచ్చాడు. 1503లో పోర్చుగీసువారు కోట కట్టుకొన్నారు. 1663లో డచ్చివారు, 1795లో ఆంగ్లేయులు దీనిని వశపరచుకొన్నారు. కోట చాలావరకు పోయినా 'ఫోర్ట్' అనే పేరు మిగిలింది. ఆంగ్లేయుల పాలనలో ఫోర్ట్ కొచ్చి ఒక వింత స్థితిలో ఉండేది. నడిచి వెళ్ళగలిగినంత దూరంలో ఉన్న మట్టాంచేరి కొచ్చి మహారాజు రాజ్యం. ఫోర్ట్ కొచ్చి మాత్రం మద్రాసు ప్రెసిడెన్సీలోని మలబారు జిల్లాకు చెందిన చిన్న ముక్క. అంటే మన కోస్తా జిల్లాలవలెనే ఈ ఊరు కూడా చెన్నపట్నం ప్రభుత్వం క్రిందనే ఉండేది. 1866లో దీనికి పురపాలక సంఘం ఏర్పడింది. 1956లో కేరళ రాష్ట్రంలో భాగమై, 1967లో కొచ్చి నగరపాలక సంస్థలో విలీనమైంది.

కంపెనీ స్థాపన

ఆస్పిన్‌వాల్ కంపెనీ స్థాపించిన కాలం వ్యాపారానికి అనుకూలమైనది. 1858లో ఈస్టిండియా కంపెనీ పాలన ముగిసింది. 1869లో సూయజ్ కాలువ తెరచుకోవడంతో ఐరోపా నౌకలకు ఆఫ్రికా ఖండాన్ని చుట్టి రావలసిన అవసరం తప్పింది. భారతదేశపు పడమటి తీరంలోని రేవులన్నిటికీ దీనివలన లాభం కలిగింది. ఆవిరి నౌకలు పెరిగాయి. స్విట్జర్లాండుకు చెందిన వోల్కార్ట్ బ్రదర్స్, ఆంగ్ల సంస్థ పియర్స్ లెస్లీ వంటివి కూడా ఈ తీరంలో వ్యాపారం సాగించాయి. గుజరాతీ, కచ్ఛీ, యూదు, కొంకణి వర్తకుల దుకాణాలు మట్టాంచేరి బజారులో ఉండేవి. తోటల నుండి, సంతల నుండి వచ్చే సరుకు వారి చేతుల మీదుగా ఈ ఎగుమతి కంపెనీల గిడ్డంగులకు చేరేది.

కంపెనీ మొదట వ్యాపారం చేసిన సరుకులు కొబ్బరి నూనె, మిరియాలు, కలప, నిమ్మగడ్డి నూనె, అల్లం, పసుపు, సుగంధ ద్రవ్యాలు, తోళ్ళు. తరువాతి కాలంలో కొబ్బరి పీచు, కాఫీ, తేయాకు, రబ్బరు చేరాయి. ఈ జాబితా మలబారు తీరపు వ్యవసాయ చరిత్రను చాలావరకు చెబుతుంది. మొదటి వరుసలోనివి తరతరాలుగా ఇక్కడ పండేవి, దొరికేవి. కాఫీ, తేయాకు, రబ్బరు మాత్రం ఆంగ్లేయుల కాలంలో కొండలను నరికి వేసిన తోటల పంటలు.

1889 జనవరి 4న ఫోర్ట్ కొచ్చిలో ఘోరమైన అగ్నిప్రమాదం జరిగింది. తీరాన లంగరు వేసి ఉన్న 'చంద్రభాను' అనే ఓడకు నిప్పంటుకోగా, కట్లు తెంచిన ఆ ఓడ కొట్టుకువచ్చి ఒడ్డును తాకింది. నూనె, పీచు నిండిన గిడ్డంగులకు మంట అంటుకొని ఊరిలోకి వ్యాపించింది. సుమారు 300 ఇళ్ళు, అనేక వర్తక స్థలాలు కాలిపోయాయి. దీని స్మారకంగా నిలిపిన స్తంభం ఫోర్ట్ కొచ్చిలో ఉంది. మండే సరుకుతో నిండిన కొట్లు వరుసగా ఒకదానినొకటి ఆనుకొని ఉండే తీరంలో నిప్పు ఎంతటి భయమో ఈ సంఘటన తెలుపుతుంది.

నిర్మాణం

ఆవరణ ఒక వైపు వీధికి, మరొక వైపు నీటికి తెరచుకొని ఉంటుంది. వీధి వైపు నుండి బండ్లు, నీటి వైపు నుండి పడవలు వచ్చేవి. కట్టడాలన్నిటికీ ఈ రెండు ద్వారాల మధ్య సరుకు నడకే ఆధారం. మధ్యలో విశాలమైన ఖాళీ స్థలం, చుట్టూ పొడవైన గిడ్డంగులు, నీటికి ఎదురుగా కార్యాలయ గదులు ఉన్నాయి. మందపాటి గోడలు, బాగా వాలుగా దించిన ఎర్రపెంకుల కప్పులు, కొయ్య దూలాలు, ఎత్తైన కిటికీలు ఇందులో ప్రధానంగా కనిపిస్తాయి. శిల్పాలు, గోపురాలు, గడియార స్తంభాలు వంటి ఆడంబరం లేదు. ఏటా నాలుగు నెలలు కుండపోతగా వాన కురిసే చోట సరుకును తడవకుండా, ముక్కిపోకుండా కాపాడడమే కట్టినవారి ఉద్దేశం. అందుకే కప్పు వాలు, గాలి ఆడే కిటికీ రెండూ ముఖ్యమయ్యాయి.

ఈ తీరపు పెంకుల గురించి ఒక మాట. కాల్చిన మట్టితో అచ్చు పోసి, ఒకదానికొకటి గాడిలో ఇమిడే పెంకులను 1865లో బాసెల్ మిషన్ వారు మంగళూరులో కర్మాగారం పెట్టి తయారు చేయసాగారు. పడమటి తీరపు గిడ్డంగులు, బడులు, స్టేషన్లు వీటితోనే కప్పబడ్డాయి. తెలుగునాట 'బెంగుళూరు పెంకు' అని పిలిచేది ఈ జాతి పెంకునే.

ఇంగ్లీషులోని 'గోడౌన్' అనే మాటకు మలయ భాషలోని 'గుదాంగ్' మూలమనీ, దానికి తెలుగు 'గిడ్డంగి' గాని తమిళ 'కిడంగు' గాని మూలం కావచ్చనీ నిఘంటుకారులు వ్రాశారు. తూర్పు తీరం నుండి ఆగ్నేయాసియాకు సాగిన ఓడ వ్యాపారాన్ని తలచుకొంటే ఇది నమ్మదగినదే. కేరళలో ఇటువంటి కొట్లను 'పండికశాల' అంటారు.

సరుకులు, పనివారు

కొబ్బరి పీచు ఇక్కడి ఎగుమతులలో ముఖ్యమైనది. పచ్చి కొబ్బరికాయల డొక్కలను కాయలు నీటిలో ఆరు నుండి పది నెలలపాటు నానబెడతారు. కుళ్ళి మెత్తబడిన డొక్కను కొయ్యతో బాది పీచు తీస్తారు. స్త్రీలు రాట్నం మీద దానిని నూలుగా వడుకుతారు. నడుము లోతు మురికినీటిలో నిలబడి చేసే ఈ పని అత్యంత కష్టమైనది, కూలి అత్యల్పం. ఇలా వచ్చే తెల్ల పీచు మెత్తగా, పొడవుగా ఉంటుంది. మన కోనసీమలో ఎండు డొక్కల నుండి యంత్రాలతో తీసే గోధుమరంగు పీచు వేరు. దాని గుణమూ, ఉపయోగమూ వేరు. కొచ్చికి చేరిన నూలు చుట్టలు పరిమాణంలో పెద్దవి, బరువులో తేలిక. ఓడలో చోటు కలిసిరావడానికి వాటిని నీటి ఒత్తిడితో పనిచేసే యంత్రంలో అదిమి బేళ్ళుగా కట్టేవారు. ఆస్పిన్‌వాల్ కంపెనీకి ఇటువంటి యంత్రశాల సమీపంలో ఉండేది. ఆ స్థలాన్ని నేడు కబ్రాల్ యార్డ్ అంటారు.

నిమ్మగడ్డి నూనె మరొక సరుకు. కొండవాలులలో పెరిగే గడ్డిని కోసి అక్కడికక్కడే బట్టీ పెట్టి ఆవిరితో నూనె తీస్తారు. దీనిలోని సిట్రాల్ అనే పదార్థం సబ్బులకు, అత్తరులకు నిమ్మవాసన ఇస్తుంది. విటమిన్-ఏ తయారీలోను ఉపయోగపడుతుంది.

కంపెనీ మంగళూరులో కాఫీ శుద్ధి చేసే పని కూడా చేపట్టింది. 'మాన్‌సూన్డ్ మలబార్' అనే కాఫీ రకం దాని ప్రత్యేక ఉత్పత్తులలో ఒకటి. తెరచాప ఓడల కాలంలో కాఫీ గింజలు నెలల తరబడి సముద్రపు తేమలో ప్రయాణించి, ఉబ్బి, రంగు మారి ఐరోపా చేరేవి. అక్కడివారు ఆ రుచికే అలవాటుపడ్డారు. ఆవిరి నౌకలు వచ్చి ప్రయాణం కురచ కావడంతో ఆ రుచి తప్పింది. అందుకని గింజలను జూన్ నుండి సెప్టెంబరు వరకు గాలి పారే గిడ్డంగులలో పలుచగా పరచి, తిరగవేస్తూ, వానగాలికి ఆరబెట్టి అదే మార్పును తెప్పించసాగారు. వర్షాన్ని సరుకు దగ్గరకు రానివ్వకూడదనే గిడ్డంగి ధర్మానికి ఇది పూర్తిగా విరుద్ధం కావడం గమనించదగ్గది.

కంపెనీల చరిత్రలలో సరుకు లెక్కలు, యజమానుల పేర్లు ఉంటాయి గాని బస్తాలు మోసినవారి పేర్లు అరుదు. పడవ నుండి కొట్టుకు, కొట్టు నుండి పడవకు ప్రతి బస్తా మనిషి తలమీదనే నడిచింది. కొచ్చి రేవులో పనిని 'చాప్పా' పద్ధతిలో పంచేవారు. చాప్పా అంటే లోహపు బిళ్ళ. గుత్తేదారు మనిషి ప్రొద్దున గుమిగూడిన కూలీల మధ్యకు బిళ్ళలను విసిరేవాడు. పెనుగులాడి బిళ్ళ దక్కించుకొన్నవాడికే ఆనాడు పని. ఈ అవమానకరమైన పద్ధతికి వ్యతిరేకంగా కార్మికులు ఉద్యమించారు. 1953 సెప్టెంబరు 15న మట్టాంచేరిలో పోలీసులు కాల్పులు జరుపగా కార్మికులు ప్రాణాలు కోల్పోయారు. ఇది ఏదో ఒక్క కంపెనీకి సంబంధించిన ఉదంతం కాదు, రేవు మొత్తానిది. అయినా ఈ తీరంలోని ఏ గిడ్డంగి చరిత్రా దీనిని విడిచి చెప్పదగినది కాదు. రాజీవ్ రవి దర్శకత్వంలో 2023లో విడుదలైన 'తురముఖం' అనే మలయాళ చలనచిత్రానికి ఈ ఉద్యమమే ఇతివృత్తం.

రేవు తరలిపోవుట

కొచ్చి ముఖద్వారం వద్ద సముద్రంలో ఒక పెద్ద ఇసుకమేట అడ్డంగా ఉండేది. పెద్ద నౌకలు లోపలికి రాలేక బయట సముద్రంలోనే లంగరు వేసేవి. సరుకును చిన్న పడవలలో వాటి దగ్గరకు చేర్చవలసి వచ్చేది. నైరుతి ఋతుపవనాల కాలంలో సముద్రం అల్లకల్లోలంగా ఉండడం వలన ఆ పని కూడా నిలిచిపోయేది. ఫోర్ట్ కొచ్చి తీరాన గిడ్డంగులకు అంత విలువ ఉండడానికి ఇదే కారణం. ఓడకు అత్యంత చేరువగా, సముద్రం శాంతించేవరకు సరుకు నిలువ ఉండడానికి తగిన చోటు ఇదే.

1920లో రాబర్ట్ బ్రిస్టో అనే ఇంజనీరు కొచ్చికి వచ్చి ఇసుకమేటను త్రవ్వించే పని చేపట్టాడు. 1928 మే 26న 'పద్మ' అనే నౌక లోపలి రేవులోకి ప్రవేశించింది. త్రవ్వితీసిన మట్టితో కాయలు మధ్యలో విల్లింగ్డన్ దీవిని నిర్మించారు. ఓడలు నేరుగా గట్టుకు ఆనుకొని నిలిచే ఏర్పాట్లు, క్రేన్లు, రైలు మార్గం అక్కడ వచ్చాయి. కొచ్చి రేవుకు ఇది మహోపకారం చేసింది. ఫోర్ట్ కొచ్చి గిడ్డంగులకు మాత్రం అవసరం తగ్గింది. ఓడలు వాటి కిటికీల ముందుగానే లోపలికి పోసాగాయి, కాని ఆగవలసిన పని లేకపోయింది. తరువాత పెట్టెలలో సరుకు రవాణా చేసే పద్ధతి వచ్చి తీరపు కొట్ల వాడకాన్ని ఇంకా తగ్గించింది.

కంపెనీ మూతపడలేదు. సరుకు రవాణా, కాఫీ, రబ్బరు తోటలు, సహజ నారల ఉత్పత్తుల రంగాలలో భారతీయ సంస్థగా కొనసాగుతోంది. పాత ఆవరణ మాత్రం దానినుండి విడివడి, స్థిరాస్తి వ్యాపార సంస్థయైన డీఎల్ఎఫ్ చేతికి వచ్చింది. నీటి ఒడ్డున అంతటి స్థలం దొరికినప్పుడు ఏమి కడతారో ఊహించడం కష్టం కాదు. ఆ చుట్టుప్రక్కల అనేక పాత కట్టడాలు అప్పటికే హోటళ్ళుగా మారాయి.

బినాలే

'బినాలే' అంటే రెండేళ్ళకొకసారి జరిగే కళాప్రదర్శన. ఇటలీలోని వెనిస్‌లో 1895లో మొదలైన ప్రదర్శన దీనికి ఆద్యం. కేరళలో ఇటువంటిది జరపాలని చిత్రకారులు బోస్ కృష్ణమాచారి, రియాస్ కోము సంకల్పించారు. రాష్ట్ర ప్రభుత్వం ధనసహాయం చేసింది. ఆ ధనం ఖర్చుపై అప్పట్లో తీవ్రమైన వివాదం కూడా రేగింది. డీఎల్ఎఫ్, గుజ్రాల్ ఫౌండేషన్ సహకారంతో ఆస్పిన్‌వాల్ హౌస్ ప్రదర్శనకు లభించింది. 2012 డిసెంబరు 12న మొదటి బినాలే ప్రారంభమైంది.

గిడ్డంగిని పడగొట్టలేదు, కొత్తదానిలా మెరుగుపెట్టనూ లేదు. పెచ్చులూడిన గోడల మధ్యనే కళాఖండాలను ఉంచారు. స్థలచరిత్రను ఎరిగి చేసిన కొన్ని కృతులు ప్రత్యేకంగా పేర్కొనదగినవి. ముజిరిస్ రేవుకు చెందినదని పలువురు భావించే పట్టణం అనే గ్రామంలోని త్రవ్వకాలలో దొరికిన కుండ పెంకులతో, మిరియాలతో వివాన్ సుందరం 'బ్లాక్ గోల్డ్' అనే కృతిని రూపొందించాడు. ఆ గ్రామం పేరే 'పట్టణం' కావడం తెలుగు పాఠకులకు తమాషాగా తోచవచ్చు. రేవుకు పట్టణమనే పేరు మన మచిలీపట్నం, విశాఖపట్నాలలోను ఉన్నది కదా. షీలా గౌడ, క్రిస్టోఫ్ స్టోర్జ్ దంపతులు బెంగుళూరు ఇళ్ళలో వాడకం పోయి వీధిన పడిన రుబ్బురోళ్ళను సేకరించి తెచ్చి ఇక్కడ నీటి ఒడ్డున పరచారు. మిక్సీలు వచ్చాక మన ఇళ్ళ పెరళ్ళలోను అదే జరిగింది. పని పోయిన రోళ్ళకు పని పోయిన రేవు తగిన మజిలీ అనిపిస్తుంది.

2014లో జితిష్ కల్లాట్ నిర్వహణలో జరిగిన రెండవ ప్రదర్శనలో అనీష్ కపూర్ ఒక గది నేలలో నల్లని నీటి సుడిగుండాన్ని ఏర్పాటు చేశాడు. 2016లో సుదర్శన్ శెట్టి నిర్వహించిన మూడవ ప్రదర్శనలో చిలీ దేశపు కవి రౌల్ జురితా ఒక పొడవైన గిడ్డంగిని మోకాటి లోతు సముద్రపు నీటితో నింపించాడు. సందర్శకులు ఆ నీటిలో నడుస్తూ గోడలపై వ్రాసిన అతని వాక్యాలు చదివేవారు. మధ్యధరా సముద్రంలో మునిగి మరణించిన సిరియా బాలుడు గాలిప్ కుర్దీకి అతడు దానిని అంకితం చేశాడు. నీరు చొరబడకుండా కట్టిన కొట్టులోకి నీటినే ఆహ్వానించిన ఈ కృతి, ఆవరణలో ప్రదర్శించిన వాటన్నిటిలో మిన్న అని చాలామంది భావన. 2018లో జరిగిన నాలుగవ ప్రదర్శనకు అనితా దూబే నిర్వాహకురాలు. ఆ ఏడాది ఆగస్టు వరదల నుండి కేరళ ఇంకా తేరుకోకముందే అది జరిగింది.

కోవిడ్ కారణంగా 2020 నాటి ప్రదర్శన వాయిదాపడి, శుభిగి రావ్ నిర్వహణలో 2022లో వచ్చింది. డిసెంబరు 12న ప్రారంభం కావలసినది చివరి నిమిషంలో 23వ తేదీకి మారింది. గదులలో వాననీరు కారడం, విద్యుత్తు సరిగా లేకపోవడం, విదేశాల నుండి రావలసిన సామగ్రి ఆలస్యం కావడం గురించి పాల్గొన్న కళాకారులు బహిరంగ లేఖ వ్రాశారు. శిథిల సౌందర్యాన్ని మెచ్చుకోవడం వేరు, ఆ కప్పు క్రింద పనిచేయడం వేరు అని ఆ లేఖ వలన తెలిసింది.

భవితవ్యం

ప్రదర్శన రెండేళ్ళకు ఒకసారి, కొన్ని నెలలు మాత్రమే జరుగుతుంది. మిగిలిన కాలమంతా ఆవరణకు నిత్యోపయోగం లేదు. ప్రైవేటు ఆస్తిగా ఉన్నప్పుడు ప్రతిసారి యజమానుల అనుమతి కావలసి వచ్చేది. దీనిని ప్రభుత్వమే సేకరించి శాశ్వత కళావేదికగా చేయాలన్న ప్రతిపాదన చాలాకాలంగా ఉంది. పెంకుటి కప్పుకు ఏటేటా మరమ్మతు అవసరం. ఒక్క వర్షాకాలం అశ్రద్ధ చేస్తే దూలానికి నీరు పడుతుంది, దూలం పోతే గోడ నిలవదు. పూర్వం ఈ పని కంపెనీ తన సరుకు కోసం తానే చేసుకొనేది. సరుకు లేని గిడ్డంగికి ఆ ఖర్చు ఎవరు భరించాలన్నది తేలవలసిన ప్రశ్న.

2025 డిసెంబరు 12న నిఖిల్ చోప్రా, హెచ్.హెచ్. ఆర్ట్ స్పేసెస్ నిర్వహణలో ఆరవ బినాలే ప్రారంభమైంది. ఈ ఆవరణలోని కొబ్బరిపీచు గిడ్డంగి, డైరెక్టరు బంగళా దానికి వేదికలలో చేరాయి. మట్టాంచేరి బజారులోని గిడ్డంగులతోపాటు, ఒకనాడు ఇక్కడి సరుకును ఆకర్షించుకొన్న విల్లింగ్డన్ దీవిలోని ఒక గిడ్డంగి కూడా ఆ వేదికలలో ఉన్నది.

చేరుకొనే మార్గం

ఎర్ణాకుళం నుండి ఫోర్ట్ కొచ్చికి బస్సులు, ప్రభుత్వ పడవలు ఉన్నాయి. 2024లో వాటర్ మెట్రో పడవలు కూడా ఫోర్ట్ కొచ్చి వరకు నడవడం మొదలైంది. పడవలో వచ్చేవారికి ఆవరణ నీటి వైపు నుండి, అంటే పూర్వం సరుకు పడవలవారు చూసిన వైపు నుండి కనిపిస్తుంది. వాస్కోడగామాను 1524లో మొదట ఖననం చేసిన సెయింట్ ఫ్రాన్సిస్ చర్చి, చీనా వలలు ఇక్కడికి నడక దూరంలోనే ఉన్నాయి.